అరగంట కాఫీకి ఎన్ని మార్కులు?

పోయిన మార్చి నెలాఖర్లో ఒక రోజు పొద్దున్నే ఆరింటికి మా పిన్ని ఫోన్ చేసింది. హాస్టల్లో ఆ టైముకి ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎవరికైనా గుండె జారుతుంది. "ఏం కాలేదులే, కంగారు పడకు. చెల్లి రాత్రంతా నిద్రపోలేదు. నువ్వోసారి మాట్లాడు" అంది.

విషయం ఏంటంటే, పిన్ని వాళ్లమ్మాయి కూకట్‌పల్లిలో ప్లస్ టూ చదువుతూ అమెరికా యూనివర్సిటీలకి అప్లై చేసింది. బీటెక్ అయ్యాక ఎమ్మెస్‌కి వెళ్లడం మనందరికీ తెలిసిన దారే. ఇంటర్ అవ్వగానే డిగ్రీకి అక్కడికి వెళ్లాలనుకోవడం మాత్రం మా చుట్టాల్లో ఇదే మొదటిసారి. బాబాయిది బ్యాంకులో క్లర్కు ఉద్యోగం. అందుకని ఖర్చంతా యూనివర్సిటీయే పెట్టుకునే చోట్లు వెతుక్కుని వాటికే అప్లై చేసింది. వాటిలో ఒక యూనివర్సిటీ (పేరు ఇక్కడ అనవసరం) నుంచి జనవరిలో మెయిల్ వచ్చింది. మీ ఊళ్లోనే ఉంటున్న మా పూర్వ విద్యార్థి ఒకరు మిమ్మల్ని కలుస్తారు, మాట్లాడండి అని.

గచ్చిబౌలిలో ఒక కాఫీ షాపులో కలిశారు. ఆవిడ అక్కడే ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తారట. అరగంట పైనే మాట్లాడుకున్నారు. చెల్లి బయటికి వస్తూనే నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, భలే సరదాగా గడిచింది. ఆవిడ అసలు ఇంటర్వ్యూ చేస్తున్నట్టే లేదు" అంది. మార్చిలో రిజల్టు వచ్చింది. సీటు రాలేదు.

ఆ పొద్దున ఫోన్లో చెల్లి ఏడవలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "నీకు బాగా ఇష్టమైన పుస్తకం ఏదని ఆవిడ అడిగితే, హెచ్.సి. వర్మ ఫిజిక్స్ అని చెప్పాను అన్నయ్యా. అందుకే పోయిందంటావా?"

నాకు నవ్వూ వచ్చింది, మనసు చివుక్కుమనీ అంది. ఎందుకంటే దానికి నిజంగానే ఆ పుస్తకం ఇష్టం. మూడేళ్ల చదువు, పరీక్షలు, రాత్రుళ్లు కూర్చుని రాసిన వ్యాసాలు, టీచర్ల ఉత్తరాలు అన్నీ పక్కకి పోయాయి. కాఫీ షాపులో చెప్పిన ఒక్క జవాబు వల్ల ఓడిపోయానని ఆ పిల్ల అనుకుంటోంది. పిన్నిదీ అదే మాట. "ఇంకాస్త కలుపుగోలుగా మాట్లాడి ఉంటే వచ్చేదేమో!"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత సెలవుల్లో కూర్చుని ఈ పూర్వ విద్యార్థుల ఇంటర్వ్యూల గురించి దొరికినంత చదివాను. చదివాక నాకొక అభిప్రాయం ఏర్పడింది, ముందే చెప్పేస్తాను. కలిసి మాట్లాడటం మంచిదే, అది ఉండాలి. ఆ మాటలకి మార్కు వేయడమే తప్పు. ఎందుకో వివరంగా చెప్తాను. చివర్లో మన క్లబ్బు గురించి కూడా ఒక మాట ఉంది. అది కాస్త ఇబ్బందిగా ఉంటుంది, నాకు కూడా.

అసలు ఇదెలా జరుగుతుంది?

మనకి ఎంసెట్ అంటే ఒక ర్యాంకు, ఒక కౌన్సెలింగ్, ఒక సీటు. (పేరు ఈఏపీసెట్ అని మారినా ఇంట్లో వాళ్ల నోట్లో ఇంకా ఎంసెట్టే.) మన మొహం ఎలా ఉంటుందో కూడా కాలేజీకి చేరేదాకా ఎవరికీ తెలియదు. అమెరికాలో గట్టి పోటీ ఉండే ప్రైవేటు యూనివర్సిటీల పద్ధతి వేరు. స్కూలు మార్కులు, శాట్ లాంటి పరీక్షల స్కోర్లు, వ్యాసాలు, టీచర్ల సిఫార్సు ఉత్తరాలు, చదువు బయట చేసిన పనులు అన్నీ కలిపి ఒక ఫైలు తయారవుతుంది. అడ్మిషన్ల ఆఫీసు వాళ్లు అది చదివి, కమిటీలో చర్చించి నిర్ణయిస్తారు. ఆ ఫైల్లో చేరే ఒక కాగితమే పూర్వ విద్యార్థి రాసి పంపే నివేదిక.

ఈ ఇంటర్వ్యూ చేసేవాళ్లు యూనివర్సిటీ ఉద్యోగులు కారు, వాళ్లకి జీతం ఉండదు. ఒకప్పుడు అక్కడ చదువుకుని ఇప్పుడు తమ తమ ఊళ్లలో డాక్టర్లుగానో, లాయర్లుగానో, ఇంజినీర్లుగానో ఉన్నవాళ్లు. పాత కాలేజీ మీద అభిమానంతో ఏటా కొంతమంది పిల్లల్ని కలుస్తారు. ఎంఐటీ వీళ్లని ఎడ్యుకేషనల్ కౌన్సెలర్లు అంటుంది, ప్రపంచం మొత్తం మీద వేల మంది ఉన్నారు. మామూలుగా వీళ్లకి విద్యార్థి ఫైలు చూపించరు. మార్కులు తెలియవు, వ్యాసంలో ఏం రాశారో తెలియదు. పేరు, స్కూలు లాంటి నాలుగు వివరాలు మాత్రం ఇస్తారు. కాఫీ షాపులోనో, లైబ్రరీలోనో, ఇప్పుడైతే ఎక్కువగా జూమ్‌లోనో మాట్లాడి, తమకేం అనిపించిందో రాసి పంపుతారు. హార్వర్డ్ లాంటి చోట్ల మాటలతో పాటు అంకెల్లో రేటింగు కూడా వేస్తారు.

దీని బరువెంత? యూనివర్సిటీలు తామే చెప్పేది ఏంటంటే, ఇది ఫైల్లో ఒక భాగం మాత్రమే, ఇంటర్వ్యూ దొరకకపోయినా మీకు నష్టం లేదు అని. అలా చెప్పక తప్పదు కూడా. అప్లై చేసిన ప్రతి ఒక్కరినీ కలవడానికి సరిపడా పూర్వ విద్యార్థులు ఎక్కడున్నారు? గచ్చిబౌలిలో ఒకరు దొరుకుతారు. ఆదిలాబాద్‌లో ఎవరు దొరుకుతారు? పార్వతీపురంలో ఎవరు దొరుకుతారు?

ఇక్కడే నాకు మొదటి అనుమానం. ఇంటర్వ్యూ లేకపోతే నష్టం లేదంటే, ఉంటే లాభం కూడా ఉండకూడదు. లాభం ఉంటే, లేనివాళ్లకి నష్టం ఉన్నట్టే. రెండూ ఒకేసారి నిజం కాలేవు. వంద మందిలో నలుగురికో ఐదుగురికో సీటొచ్చే చోట, మిగతావన్నీ సమానంగా ఉన్న ఇద్దరి మధ్య ఒక చిన్న కాగితం కూడా ఎటో ఒకవైపు మొగ్గు చూపించగలదు.

యూనివర్సిటీలకి ఈ విషయం తెలియదని కాదు. కాల్‌టెక్ ఇలాంటి ఇంటర్వ్యూలు పెట్టదు. బ్రౌన్ యూనివర్సిటీ వీటిని మానేసి, పిల్లలు తమ గురించి తామే ఒక చిన్న వీడియో తీసి పంపే పద్ధతి పెట్టింది. కొలంబియా 2023లో ఆపేసింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఇంటర్వ్యూ అనే పేరు తీసేసి, పూర్వ విద్యార్థులతో సంభాషణ అంటోంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, జార్జ్‌టౌన్ కొనసాగిస్తున్నాయి. అంటే తెలివైనవాళ్లు నడిపే సంస్థల్లోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు.

ఒక అంకె దగ్గర ఆగుదాం

ఇంటర్వ్యూ చాలా ముఖ్యం అని నమ్మేవాళ్లు ఎక్కువగా చూపించే లెక్క ఒకటుంది. కొన్నేళ్ల క్రితం ఎంఐటీయే తన అడ్మిషన్ల పేజీలో పెట్టింది. ఇంటర్వ్యూకి హాజరైనవాళ్లు, లేదా ఇంటర్వ్యూ అక్కర్లేదని మినహాయింపు పొందినవాళ్లు, వీళ్లందరిలో 10.8 శాతం మందికి సీటొచ్చింది. అవకాశం ఉండి కూడా వద్దనుకున్నవాళ్లలో 1 శాతం మందికే వచ్చింది. చూడగానే అమ్మో అనిపిస్తుంది. ఇంటర్వ్యూకి వెళ్తే అవకాశం పదింతలు!

ప్రాబబిలిటీ క్లాసులో నిద్రపోకుండా ఉన్నవాళ్లు ఇక్కడ చెయ్యెత్తాలి. ఇంటర్వ్యూ వద్దనుకున్న పిల్లలెవరు? చాలామటుకు ఆ యూనివర్సిటీ మీద అంత పట్టుదల లేనివాళ్లు, మిగతా అప్లికేషన్ కూడా హడావుడిగా నింపినవాళ్లు అయి ఉండొచ్చు. వాళ్లకి సీటు రాకపోవడానికి ఇంటర్వ్యూ కారణం కానక్కర్లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి. మినహాయింపు పొందినవాళ్లు మొదటి గుంపులోనే ఉన్నారు. అంటే ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండానే ఆ 10.8 శాతంలో లెక్కలోకొచ్చినవాళ్లున్నారు. కాబట్టి ఈ లెక్క చెప్పేది 'పిలిస్తే వెళ్లండి' అని మాత్రమే. 'అక్కడ బాగా మాట్లాడితే సీటొస్తుంది' అని కాదు. మా పిన్ని ఈ రెండింటినీ ఒకటే అనుకుంది. కన్సల్టెన్సీల వాళ్లు కూడా అలాగే అనుకోమంటారు, ఇంటర్వ్యూ కోచింగ్‌కి ఫీజు తీసుకోవాలి కదా మరి.

'వ్యక్తిత్వం' చూస్తాం అనే మాట వెనక

మార్కులు మాత్రమే చాలవు, మనిషిని చూడాలి. వినడానికి ఎంత బాగుంటుందో! నాకూ ఇష్టమైన మాటే. కానీ ఈ మాట అమెరికా అడ్మిషన్లలోకి ఎలా వచ్చిందో చదివాక ఆ ఇష్టం కొంచెం తగ్గింది.

1900 ప్రాంతంలో హార్వర్డ్‌లో చేరాలంటే ప్రధానంగా ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి. యూదు వలస కుటుంబాల పిల్లలు కష్టపడి చదివి గట్టెక్కడం మొదలుపెట్టారు. 1900లో కొత్తగా చేరేవాళ్లలో 7 శాతం ఉన్న యూదు విద్యార్థులు 1922 నాటికి 21 శాతం దాటారు. అప్పటి హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కి ఇది నచ్చలేదు. 15 శాతానికి మించకుండా చూడాలని ఆయన ప్రయత్నం. బహిరంగంగా కోటా పెట్టడాన్ని అధ్యాపకులు ఒప్పుకోలేదు. అప్పుడు వేరే దారి దొరికింది. 1920లలో అప్లికేషన్ ఫారంలో కొత్త ప్రశ్నలు వచ్చాయి. తల్లి పుట్టింటి పేరేంటి? తండ్రి ఎక్కడ పుట్టాడు? పుట్టాక మీ పేరుగానీ మీ నాన్న పేరుగానీ మార్చుకున్నారా? 1926లో మొత్తం సీట్లకి పరిమితి పెట్టి, వ్యక్తిత్వానికి ప్రాధాన్యం ఇస్తామన్నారు. ఫోటో అడిగారు, మనిషిని చూసి అంచనా వేసే పద్ధతికి బలం పెరిగింది. యూదు విద్యార్థుల సంఖ్య బాగా తగ్గిపోయింది. జెరోమ్ కారబెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 2005లో వచ్చిన 'ది చోజెన్' అనే పుస్తకంలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌ల ఈ చరిత్ర అంతా రికార్డులతో సహా రాశాడు.

తెలుగువాళ్లకి ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. "ఇంటిపేరేంటి బాబూ?" అని ఎవరైనా అడిగినప్పుడు, ఆ ప్రశ్న ఇంటిపేరు గురించి కాదని మనలో ఎంతమందికి తెలియదు?

ఇక్కడ కథ ఇంకో మలుపు తిరుగుతుంది. నిజాయితీగా అది కూడా చెప్పాలి. 2014లో హార్వర్డ్ మీద ఒక కేసు పడింది. ఆసియా మూలాలున్న అమెరికన్ విద్యార్థుల పట్ల అడ్మిషన్లలో వివక్ష చూపిస్తున్నారని ఆరోపణ. 2018లో బోస్టన్‌లో విచారణ జరిగింది. అడ్మిషన్ల ఆఫీసు లోపలి రేటింగులు బయటికొచ్చాయి. వాటిలో 'పర్సనల్ రేటింగు' అని ఒకటుంది. స్నేహశీలత, ధైర్యం, దయ లాంటి గుణాలకి వేసే అంకె. ఆఫీసు వాళ్లు వేసిన ఆ అంకెలో ఆసియా విద్యార్థుల సగటు తక్కువగా ఉంది. అదే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన పూర్వ విద్యార్థులు వేసిన రేటింగుల్లో మాత్రం శ్వేతజాతి పిల్లలకీ వీళ్లకీ పెద్ద తేడా లేదని వాది పక్షం నిపుణుడు చూపించాడు. హార్వర్డ్ వివక్ష లేదంది, 2019లో కింది కోర్టు హార్వర్డ్ వైపే తీర్పిచ్చింది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు జాతిని లెక్కలోకి తీసుకునే అడ్మిషన్ల పద్ధతినే కొట్టేసింది. ఆ తీర్పు మంచిచెడ్డలు వేరే వ్యాసం. నాకు పట్టుకున్నది మాత్రం ఆ చిన్న తేడా. మనిషిని చూడకుండా కాగితం చదివి 'వ్యక్తిత్వం' అంచనా వేసినవాళ్ల కన్నా, చూసి మాట్లాడినవాళ్ల అంకెలే ఆ పిల్లలకి న్యాయంగా కనిపించాయి.

కాబట్టి ఇంటర్వ్యూ అంటేనే పక్షపాతం అని నేను అనలేను. ముఖాముఖి కూర్చుంటే మన మనసులో ఉండే మూస బొమ్మ కొంత చెదిరిపోతుంది. మాట్లాడటం ఉండాలని నేనంటున్నది ఇందుకు కూడా.

మరి మార్కు ఎందుకు వద్దు?

ఎందుకంటే మాట్లాడితే మనిషి అర్థమవుతాడనే నమ్మకం మనకి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంది.

1979లో హ్యూస్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో ఒక విచిత్రం జరిగింది. 150 మందిని ఇంటర్వ్యూలు చేసి, ర్యాంకులు వేసి, ఎంపిక చేసుకున్నారు. ఆ తర్వాత రాష్ట్ర శాసనసభ ఇంకో 50 మందిని చేర్చుకోమంది. అప్పటికి మంచి ర్యాంకుల వాళ్లంతా ఎక్కడో అక్కడ చేరిపోయారు. ఇక చేసేది లేక, మొదట వద్దనుకున్నవాళ్ల నుంచే, జాబితాలో బాగా అడుగున ఉన్నవాళ్ల నుంచే 50 మందిని తీసుకున్నారు. తర్వాత ఏళ్లలో పరిశోధకులు రెండు గుంపుల్నీ పోల్చి చూశారు. చదువులో తేడా లేదు. రోగులతో పని చేయడంలో తేడా లేదు. మధ్యలో మానేసినవాళ్ల లెక్కలోనూ తేడా లేదు. ఎంపికప్పుడు పైవాళ్లనీ కిందవాళ్లనీ విడదీసినది చాలావరకు ఇంటర్వ్యూలో కలిగిన అభిప్రాయమే.

2013లో వచ్చిన ఇంకో అధ్యయనం మరీ సరదాగా ఉంటుంది. జేసన్ డానా, రాబిన్ డాస్, నథానియల్ పీటర్సన్ అనేవాళ్లు చేశారు. కొందరు విద్యార్థులకి తోటి విద్యార్థుల్ని ఇంటర్వ్యూ చేసి, వాళ్లకి వచ్చే సెమిస్టర్ ఎంత జీపీఏ వస్తుందో ఊహించమన్నారు. ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్లలో కొందరికి మాత్రం చాటుగా ఒక సూచన ఇచ్చారు. నిజం చెప్పొద్దు, ప్రశ్నలో ఉండే అక్షరాలను బట్టి అవును అనో కాదు అనో గుడ్డిగా చెప్పేయండి అని. అడిగేవాళ్లు అది పసిగట్టలేకపోయారు! ఎదుటి మనిషి మాకు బాగానే అర్థమయ్యాడు అన్నారు. తీరా చూస్తే, పాత జీపీఏ ఒక్కటే చూసి ఊహించినప్పుడు వచ్చిన అంచనాల కన్నా, ఇంటర్వ్యూ చేశాక ఊహించిన అంచనాలే ఎక్కువ తప్పాయి.

అర్థం లేని జవాబుల్లోంచి కూడా మన బుర్ర ఒక కథ అల్లేస్తుంది. ఆ కథని మనం 'వ్యక్తిత్వం' అని పిలిచి పదికి ఏడు వేస్తాం.

ఈ పాఠం మన దేశంలో ఇంజినీరింగ్ కాలేజీ గుమ్మంలోనే ఒకసారి నేర్చుకున్నాం. మన వరంగల్ ఆర్‌ఈసీకి తోబుట్టువు లాంటిది శ్రీనగర్ ఆర్‌ఈసీ, ఇప్పుడు రెండూ ఎన్‌ఐటీలే. 1979లో శ్రీనగర్‌లో సీట్లకి రాత పరీక్షకి 100 మార్కులు, ఇంటర్వ్యూకి 50 మార్కులు పెట్టారు. ఒక్కొక్కరితో మాట్లాడింది రెండు మూడు నిమిషాలే. అందులోనూ చదువుకి సంబంధం లేకుండా తల్లిదండ్రులెవరు, ఊరేది లాంటి ప్రశ్నలు అడిగారని, రాత పరీక్షలో ముందున్నవాళ్లు వెనక్కి పోయారని సీటు రాని విద్యార్థులు సుప్రీంకోర్టుకి వెళ్లారు. అజయ్ హాసియా కేసు అంటే లా చదివేవాళ్లందరికీ తెలుసు. ఇంటర్వ్యూ పద్ధతి అసలే పనికిరాదని కోర్టు అనలేదు. కానీ మొత్తం మార్కుల్లో మూడో వంతు దానికి పెట్టడం ఇష్టారాజ్యం అంది. 15 శాతం మించకూడదని చెప్పింది. అడిగిన ప్రశ్నలు, చెప్పిన జవాబులు టేపులో రికార్డు చేస్తే మంచిదని కూడా సూచించింది. ఇది 1980 నాటి మాట. కాఫీ షాపు సంభాషణకి టేపు ఎక్కడిది?

మన క్లబ్బు సంగతి

ఇప్పుడు ఆ ఇబ్బందైన మాట.

పోయిన ఆగస్టులో మన క్లబ్బు కోర్ టీమ్‌కి ఫస్టియర్ వాళ్లని తీసుకున్నాం కదా. ముప్పై మందికి పైగా వచ్చారు. ముగ్గురు ముగ్గురు సీనియర్లం కూర్చుని ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడాం. షీట్‌లో మూడు కాలమ్‌లు పెట్టుకున్నాం: ఆసక్తి, భాష, కలివిడితనం. ఒక్కోదానికి పది మార్కులు. ఆలోచిస్తే మనం చేసింది పూర్వ విద్యార్థుల ఇంటర్వ్యూనే. లోపల ఉన్నవాళ్లం, లోపలికి ఎవరు రావాలో మాటల్లో తేల్చేశాం.

ఇవన్నీ చదివాక ఆ షీట్ మళ్లీ తెరిచి నేను వేసిన మార్కులు చూసుకున్నాను. నాది శ్రీకాకుళం. నేను ఎక్కువ మార్కులు వేసిన ఐదుగురిలో నలుగురు విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు. నేను కావాలని చేయలేదు. అందరినీ "ఏ ఊరు మీది?" అనే అడిగాను, పలకరింపుగానే. మా వైపు యాస వినగానే నాకు తెలియకుండానే మాట పెరిగింది. మాట పెరిగితే వాళ్లు ఇంకా బాగా మాట్లాడారు. బాగా మాట్లాడారు కాబట్టి కలివిడితనానికి తొమ్మిది. ఇంటిపేరు అడిగేవాళ్లని తిట్టుకునే నేనే, ఊరు పేరుతో అదే పని చేశాను.

ఒకబ్బాయి ఉన్నాడు. అడిగినదానికి ఒకటి రెండు మాటల్లో జవాబు చెప్పాడు. ఎవరి రచనలంటే ఇష్టం అంటే, నేల చూపులు చూస్తూ "పెద్దగా చదవలేదు సార్" అన్నాడు. సీనియర్ని సార్ అన్నాడంటేనే ఎంత భయపడ్డాడో అర్థం కావాలి. నేను మూడు మార్కులు వేసి పక్కన 'ఆసక్తి లేదు' అని రాశాను. ఆసక్తి లేనివాడు ఆదివారం పూట సినిమా మానుకుని తెలుగు క్లబ్బు ఇంటర్వ్యూకి ఎందుకొస్తాడు? ఆ ప్రశ్న అప్పుడు తోచలేదు. ఆ అబ్బాయి ఇప్పుడు ఏదైనా రాస్తున్నాడో లేదో నాకు తెలియదు. మేం తీసుకున్నవాళ్లు బాగా పని చేస్తున్నారు కాబట్టి మా ఎంపిక సరైనదే అని ఏడాదంతా అనుకున్నాం. వద్దన్నవాళ్లు ఎలా చేసేవాళ్లో తెలుసుకునే అవకాశం హ్యూస్టన్ వాళ్లకి అనుకోకుండా దొరికింది. మాకు దొరకలేదు.

అయితే తీసేద్దామా?

ఇక్కడ మీరు అడగబోయేవి నాకు తెలుసు.

మొదటిది: ఇప్పుడు వ్యాసాలన్నీ చాట్‌జీపీటీ రాసేస్తోంది, మనిషిని చూడకపోతే అసలు సంగతి ఎలా తెలుస్తుంది? న్యాయమైన ప్రశ్నే. కానీ వ్యాసం సొంతమా కాదా అని తేల్చడం తనిఖీ పని. ఆ తనిఖీ కావాలంటే శిక్షణ ఉన్న ఉద్యోగులు అందరికీ ఒకే ప్రశ్నలతో, రికార్డు చేసి చేయాలి. ఆ వ్యాసం ఏంటో కూడా తెలియని ఒక పూర్వ విద్యార్థి, శనివారం సాయంత్రం తీరిక చేసుకుని వచ్చి ఆ పని ఎలా చేయగలరు?

రెండోది: ర్యాంకు ఒక్కటే చూసే మన పద్ధతి మాత్రం గొప్పదా? కాదు. నేను ఇంటర్ రెండేళ్లు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాను. ఆ రెండేళ్లలో "నీకేది ఇష్టం?" అని నన్ను అడిగినవాళ్లు లేరు. వీకెండ్ టెస్టులో ఎంత అని మాత్రం అందరూ అడిగారు. గచ్చిబౌలిలో ఆవిడ మా చెల్లిని అడిగింది ఆ ప్రశ్నే. పదిహేడేళ్ల పిల్లని ముక్కూమొహం తెలియని ఒక పెద్దావిడ తనతో సమానంగా కూర్చోబెట్టుకుని, నువ్వేం చదువుతావు, ఏం ఆలోచిస్తావు అని శ్రద్ధగా విన్నారు. అది చిన్న విషయం కాదు. ర్యాంకు పద్ధతిలో ఎవరూ ఇవ్వనిది అదే. కానీ దాని వెనక ఒక రేటింగు ఉందని తెలిసిన మరుక్షణం, ఆ మంచి సాయంత్రం మొత్తం చెల్లికి ఒక తప్పు జవాబుగా మారిపోయింది. హెచ్.సి. వర్మ అని నిజం చెప్పినందుకు బాధపడింది. వచ్చేసారి ఎవరైనా అడిగితే, చదవకపోయినా ఏదో గొప్ప నవల పేరు చెప్తుంది. మనిషిని తెలుసుకోవడానికి పెట్టిన పద్ధతి చివరికి నేర్పించేది నటన.

మూడోది: మార్కు లేకపోతే పూర్వ విద్యార్థులు ఎందుకు వస్తారు? వస్తారనే నా నమ్మకం. వాళ్లు జీతానికి రావట్లేదు కదా. పాత కాలేజీ గురించి చెప్పుకోవడం, కొత్త పిల్లల్ని కలవడం వాళ్లకీ ఇష్టమే. యూనివర్సిటీలకి కూడా అసలు లాభం అక్కడే ఉందని నా అనుమానం. పూర్వ విద్యార్థులు కాలేజీతో తెగిపోకుండా ఉంటారు, రేపు విరాళం అడగడానికి మొహం ఉంటుంది. అందులో తప్పేం లేదు. అది చెప్పి చేయండి. పిల్లలకి హాస్టల్లో చలి ఎలా ఉంటుంది, అక్కడ ఒంటరిగా అనిపిస్తే ఏం చేయాలి, స్కాలర్‌షిప్‌లో ఏం కవర్ కాదు లాంటివి చెప్పండి. వెళ్లేటప్పుడు జేబులోంచి అంకె తీయకండి.

చెల్లికి ఇవన్నీ చెప్పాను. ఆ ఒక్క జవాబు వల్లే పోయిందని చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు, విదేశీ విద్యార్థులకి ఉండే ఆ కాసిన్ని సీట్ల ముందు అది చాలా చిన్న సంగతి అన్నాను. "అంటే నేను చెప్పింది తప్పు కాదు కదా?" అని మళ్లీ అడిగింది. కాదన్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లోనే బీటెక్ చేస్తోంది. హెచ్.సి. వర్మ రెండు భాగాలూ హాస్టల్‌కి మోసుకెళ్లిందట.

ఇక మన క్లబ్బుకి నా ప్రతిపాదన. ఈ ఆగస్టులో ఆ షీట్‌లో కలివిడితనం కాలమ్ తీసేద్దాం. వచ్చేవాళ్లందరినీ పేరు లేకుండా ఒక పేజీ రాసివ్వమందాం, ఏదైనా సరే. ఊరు, బ్రాంచి తెలియకుండా చదివి ఎంపిక చేద్దాం. ఎంపికైనవాళ్లతో, కానివాళ్లతో కూడా ఆ తర్వాత కూర్చుని మాట్లాడదాం. పక్కన పెన్ను ఉండకూడదు. నేల చూపులు చూసే పిల్లలు రాసే పేజీ ఎలా ఉంటుందో నాకు చూడాలని ఉంది.

ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికకి జవాబు రాయండి. నా మార్కుల షీట్ కావాలంటే చూపిస్తాను.

— మూడో సంవత్సరం, ఈసీఈ